తేనెటీగల లెక్కలో చనిపోయినవాడు

డీర్క్ ఎగ్గర్స్ చనిపోయాడన్న కబురు తల్లి తరవాత ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది తేనెటీగలకే. అతను బతికే ఉన్నాడన్న సంగతి మాత్రం వాటికి ఎవరూ చెప్పలేదు.

కబురు తెచ్చినవాడు గాలిమర నడిపే లూడర్. యుద్ధం ఆగిపోయిన ఆ డిసెంబరులో, ఒంటి మీద సైనికుల కోటు కూడా విప్పకుండా, తిన్నగా డీర్క్ వాళ్ళమ్మ గేషె వంటింటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కళ్ళారా చూశానమ్మా. ఫిరంగి గుండు వచ్చి, కందకం అడుగున మేం తలదాచుకునే నేలగది నోటి మీదే పడింది. మెట్లన్నీ కూరుకుపోయాయి. వాడు లోపలే ఉన్నాడు. తవ్వుదామంటే వ్యవధి లేదు, అప్పటికే ఫ్రెంచివాళ్ళు మా కందకంలోకి దూకేశారు."

"లోపల ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగింది గేషె.

"ఇంకో నలుగురు ఉన్నారు."

"అయితే ఒంటరిగా పోలేదన్నమాట." ఆ ఒక్క మాటే అంది. లూడర్‌కి గిన్నెడు జావ పెట్టి, అతను తినేదాకా ఎదురుగా కూచుని, ఆ తరవాత మేకుకు వేలాడుతున్న వాకిలి తాళంచెవి తీసుకుని పెరట్లోకి నడిచింది.

ఊదాపూల హెదర్ పొదలు తప్ప మరేదీ మనస్ఫూర్తిగా మొలవని ఆ ఇసుకనేలలో తేనె మీద బతికే ఇళ్ళకి ఒక నియమం ఉంది. ఈగల యజమాని పోతే ఇంట్లోవాళ్ళు వెళ్ళి వాటికి చెప్పాలి. తాళంచెవితో ఈగలు కాపురముండే ఒక్కొక్క గడ్డిబుట్టనీ తట్టి, పోయినవాడి పేరూ కొత్త యజమాని పేరూ చెప్పి, వదిలి వెళ్ళొద్దని బతిమాలుకోవాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి, లేదా బుట్టలోనే చస్తాయి. డీర్క్ తండ్రి పోయినప్పుడు చెప్పింది గేషెనే. ఇప్పుడు పెద్దకొడుకు పోయాడనీ, ఇక చిన్నవాడు కోర్డే యజమాని అనీ చెప్పాల్సిందీ ఆమే.

"ఈగల్లారా, మీ యజమాని డీర్క్ పోయాడు. ఇకనుంచి మీ యజమాని కోర్డ్. మమ్మల్ని వదిలి వెళ్ళకండి."

ప్రతి బుట్ట దగ్గరా ఇదే మాట. పేడతో అలికిన ఆ బుట్టలు పెరటి చివర ఈగల చావడిలో వరసగా, మంచు తగలకుండా, ముఖాలు దక్షిణానికి పెట్టుకుని ఉన్నాయి. చిట్టచివరి బుట్టకు దిష్టి తగలకుండా నాలుక బయటపెట్టిన కొయ్యముఖం ఒకటి బిగించి ఉంది. గేషె దానికీ చెప్పింది. చెప్పాకే ఏడ్చిందని, అంతవరకూ గొంతు చెక్కుచెదరలేదని, గోడ అవతలనుంచి విన్న పొరుగింటి ట్రీనా తరవాత అందరితోనూ చెప్పింది.

ఈస్టర్ పండగ వెళ్ళాక ఫ్రాన్సులోని ఖైదీల శిబిరం నుంచి ఒక కార్డు వచ్చింది. డీర్క్ చేతిరాతే. ఒంట్లో బాగానే ఉందని, ఎప్పుడు వదులుతారో తెలియదని రాశాడు. గేషె నిలబడి చదివి, ఆ కార్డుతో సహా నేల మీద కూలబడింది. చిన్నకొడుకు కోర్డ్ ఊరంతా పరిగెత్తి చెప్పొచ్చాడు. జనం వచ్చారు, ముద్దులు పెట్టుకున్నారు, దాచుకున్న ద్రాక్షసారా సీసా ఎవరో తెచ్చారు. అందరూ వెళ్ళిపోయాక కోర్డ్ అడిగాడు:

"అమ్మా, మరి ఈగల సంగతి?"

ఆమె గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది.

ఆ ఎండాకాలమంతా ఈగలు బ్రహ్మాండంగా పని చేశాయి. ఒక్క బుట్టా ఖాళీ కాలేదు. అదే ఆమెకు సాక్ష్యమైపోయింది. తను చెప్పింది అవి నమ్మాయి, నమ్మి నిలబడ్డాయి.

మరుసటి ఫిబ్రవరిలో డీర్క్ తిరిగొచ్చాడు. స్టేషన్ నుంచి మంచులో నడిచి వచ్చి, అలవాటు కొద్దీ, ఇంట్లోకి పోకుండా ముందు ఈగల చావడి వైపు మళ్ళాడు. శీతాకాలంలో బుట్టకి చెవి ఆనిస్తే లోపల గుంపు బతికుందో లేదో తెలుస్తుంది. ఆ సన్నటి రొద వినాలని శిబిరంలో ఎన్నిసార్లు అనుకున్నాడో. దడి దాటబోతుండగా వంటింటి తలుపు భళ్ళున తెరుచుకుంది.

"అటు పోకు!"

అన్నేళ్ళ తరవాత అతను విన్న తల్లి మొదటి మాట అది. ఆ వెంటనే ఆమె పరిగెత్తుకొచ్చి అతన్ని పట్టుకుంది, చెంపలు తడిమింది, చేతులు తడిమింది, కాళ్ళు కూడా తడిమి చూసింది. కానీ ఆ తడిమే చేతులే అతన్ని దడి నుంచి ఇవతలకి లాగేశాయి.

వంటింట్లో పొయ్యి పక్కన కూచోబెట్టి, బార్లీ కాఫీ పోసి, అప్పుడు చెప్పింది.

"వాటికి చెప్పేశాన్రా."

"ఏమని?"

"నువ్వు పోయావని."

డీర్క్ నవ్వాడు. "సరే, వచ్చానని చెప్పు ఇప్పుడు."

"ఆ మాట లేదు నాయనా. చావుకి మాటుంది, పెళ్ళికి మాటుంది. పోయినవాడు తిరిగొస్తే ఏం చెప్పాలో మా అమ్మ నాకు నేర్పలేదు. వాళ్ళమ్మ ఆమెకీ నేర్పలేదు."

"లేకపోతే నువ్వే ఒకటి కట్టు. తరవాతివాళ్ళకి పనికొస్తుంది."

"నవ్వకు. ఇప్పుడు వచ్చాడంటే అప్పుడు చెప్పింది అబద్ధమవుతుంది. అబద్ధం విన్న ఇంట్లో అవి నిలవవు."

కోర్డ్ బల్ల మీద మోచేతులు ఆనించి అన్నాడు: "నువ్వు వాటి కంటబడనంతసేపూ అది అబద్ధం కాదంట అన్నయ్యా. అమ్మ లెక్క అది. నేనెంత చెప్పినా వినలేదు. చూడు నా మొహం, కొత్త యజమాని వైభవం!" పోయిన ఎండాకాలం ఈగ కుట్టినప్పటినుంచి సరిగా తెరుచుకోని ఎడమ కన్ను చూపించాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుతో ఆ పూటకి ఆ మాట అయిపోయింది.

ఆమె కొడుకుకి ఏదీ తక్కువ చెయ్యలేదు. పడకలో కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి పెట్టేది. పంది కొవ్వు ముక్క ఉంటే మొదట అతని గిన్నెలోనే వేసేది. గొర్రెబొచ్చు వడికి రెండు జతల మేజోళ్ళు అల్లింది. ఆ ఇంట్లో అతనికి దొరకనిది ఒక్కటే, ఈగల దగ్గరికి పోయే దారి. అది మిగతా అందరికీ చిన్నదిగా కనిపించేది.

డీర్క్ కొట్టంలో కూచుని కొత్త బుట్టలు అల్లాడు. రై పైరు గడ్డిని పేనుతూ, చీల్చిన చెట్టువేళ్ళ నారతో కుడుతూ, ఆవుపేడలో కాస్త బూడిద కలిపి అలుకుతూ కాలం గడిపాడు. తయారైన బుట్టలు కోర్డ్ మోసుకెళ్ళేవాడు. పొద్దు వాలేటప్పుడు గాలి అటునుంచి వీస్తే రొద వినిపించేది. చేతిలో పని ఆపి వినేవాడు.

తల్లి నమ్మకాన్ని అతను ఎగతాళి చేసేవాడు గాని, పూర్తిగా నమ్మనివాడూ కాదు. తండ్రి పోయిన ఏడాది అవతలి వీధి ఇంట్లో చెప్పడం మరిచిపోయారు. మే నెల వచ్చేసరికి వాళ్ళ బుట్టలన్నీ చెదలు తిన్నట్టు ఖాళీ. ఆ సంగతి అతనూ చూశాడు. దొంగచాటుగా వెళ్ళి తనే చెప్పేసుకోవచ్చు. ఒకసారి దడి దాకా వెళ్ళాడు కూడా. కానీ తన చావు ఆమె చెప్పింది, తన బతుకు కూడా ఆమే చెప్పాలి. తను వెళ్ళి చెబితే తల్లి మాటకి కొడుకు ఎదురు సాక్ష్యం పలికినట్టుంటుంది. వెనక్కి వచ్చేశాడు.

మరుసటి చలికాలం నుంచి, డీర్క్, లూడర్ ఉన్న రెజిమెంటులోనే పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు సారాయి సత్రంలో చేరేవారు. కందకాల్లో గడిపిన రోజుల గురించి తలా నాలుగు పేజీలు రాస్తే అన్నీ కలిపి పుస్తకం వేయించాలని ఒక ఆలోచన. పోగుచేసే పని లూడర్ మీద పడింది. అందరూ డీర్క్ పేజీల కోసమే ఎదురుచూశారు. సమాధిలోంచి లేచొచ్చినవాడు అతనొక్కడే కదా.

డీర్క్ రాసి తెచ్చాడు. లూడర్ కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టి, సగంలో ఆపి, పైకి చూశాడు.

"ఇదేంట్రా ఇది?"

"కందకం గురించే."

"కందకం గురించా? తడిక ఎలా అల్లాలో రాశావు! 'విల్లో కొమ్మలు తడిసినవి వాడాలి, ఎండినవి విరుగుతాయి. అడుగున వరసలు దగ్గరగా, పైకి పోయేకొద్దీ వదులుగా...' ఇది పుస్తకంలో వేస్తే జనం యుద్ధానికి పోతారా, గంపలు అమ్ముకోడానికి పోతారా?"

సత్రం గొల్లుమంది.

"సుద్దనేల కదా, వానపడితే గోడలు జారిపోయేవి," అన్నాడు డీర్క్, తను కూడా కొంచెం నవ్వుతూ. "నాచేత తడికలే అల్లించారు. నేను చేసింది అదే."

"అదొక్కటే చేశావా? మరి ఆ నేలగది?"

"దాంట్లో ఏముంది. చీకటి."

లూడర్ నవ్వడం మానేశాడు. బల్ల మీదికి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగాడు: "మేం తవ్వుతామనుకున్నావా?"

"అనుకోలేదు. మీకు వ్యవధి లేదు." అని, డీర్క్ అతని గ్లాసు నింపాడు. తడిక పేజీలు లూడర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత ఆ పుస్తకమే రాలేదు.

చీకటి అన్నాడు గాని, రాయడానికి అంతకు మించే ఉంది. మెట్లు కూలినప్పుడు దీపం ఆరిపోయింది. ఉన్న గాలి తగ్గిపోతుందని ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. వాళ్ళలో పెద్దవాడు బ్రెమెన్‌లో రొట్టెలు కాల్చే మనిషి. అతనొక పద్ధతి పెట్టాడు. ముచ్చట్లు వద్దు, మాటలు గాలిని తినేస్తాయి. అప్పుడప్పుడు వరసగా ఎవరి పేరు వాళ్ళు చెప్పాలి, అంతే. పేరు వినబడితే మనిషి ఉన్నట్టు. మొదట ఐదు పేర్లూ వినబడ్డాయి. తరవాత గోడవారన ఉన్న కుర్రసిపాయి వంతు వచ్చినప్పుడు ఏమీ వినబడలేదు. రొట్టెలవాడు తన పేరుతో పాటు ఆ కుర్రవాడి పేరు కూడా తనే పలికాడు, వరస తెగకుండా. ఆ తరవాత రొట్టెలవాడి పేరు ఇంకొకరు పలికారు. చివరికి డీర్క్ తన పేరు చెప్పి ఆగాడు. తరవాతి వంతు ఎవరిదీ లేదు, మళ్ళీ తనదే. చెప్పబోతే నోరు పెగల్లేదు. వినేవాడు లేని చోట పేరు ఎందుకు? ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. పైనుంచి పార చప్పుడు వచ్చింది, తరవాత తెల్లటి సుద్దపొడిలోంచి వెలుతురు వచ్చింది. బయటికి లాగిన ఫ్రెంచి సిపాయి నీళ్ళు తాగించి, సైగలు చేస్తూ పేరు అడిగాడు. డీర్క్ అది చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇది అతను ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఆల్‌హైట్‌కి చెబుదామనుకున్నాడు.

ఆల్‌హైట్ దర్జీ పని చేసేది. అతని చిరిగిన కోటు బాగుచేస్తానని తీసుకెళ్ళి, కావాలనే వారాల తరబడి ఉంచుకుని, అతను అడగడానికి వచ్చినప్పుడల్లా "ఇంకో గుండీ ఉంది" అనేది. ఊరికి సంగతి అర్థమైంది. గేషెకీ అర్థమైంది. ఆమెకు ఆ పిల్ల ఇష్టమే. అయినా ఆమెని పెళ్ళి చేసుకుంటానని డీర్క్ నోరు తెరిచి అడిగిన రోజున ఆమె చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

"పెళ్ళి కబురు వాటికి చెప్పాలి కదరా. చెప్పకపోతే అరిష్టం."

"చెప్పమ్మా."

"ఎవరి పెళ్ళని చెప్పను?"

ఆ ప్రశ్న కోపంతో అడిగింది కాదు. నిజంగానే తెలియక అడిగింది. పిండి చేతులతో కళ్ళు తుడుచుకుని, ఇంకొన్నాళ్ళు ఆగమంది. ఆల్‌హైట్ రెండేళ్ళు ఆగింది. పక్క ఊరి గొర్రెలవాడితో ఆమె పెళ్ళైన నాడు డీర్క్ తల్లి అల్లిన మేజోళ్ళు వేసుకుని కొట్టంలోనే పనిచేసుకున్నాడు. ఆ కోటు మాత్రం ఆల్‌హైట్ గుండీలన్నీ గట్టిగా కుట్టి, ట్రీనా చేత పంపించింది.

ఈలోగా కోర్డ్‌కి హాంబర్గ్ రేవులో పని దొరికింది. ఈగలంటే అతనికి మొదట్నుంచీ హడల్. వెళ్ళేముందు తల్లి ఎదురుగా కూచుని తేల్చి అడిగాడు:

"నేను పోతే వీటిని ఎవరు చూస్తారే? నువ్వు బుట్టలు ఎత్తగలవా? కళ్ళెదురుగా పని తెలిసినవాడుంటే!"

గేషె ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకుంది, ఒక షరతు మీద. యజమాని కోర్డే. డీర్క్ పాలేరులా చెయ్యొచ్చు. గుర్రపు వెంట్రుకల ముసుగు ఎప్పుడూ మొహం మీద ఉండాలి. వాటి ఎదుట నోరు విప్పకూడదు, గొంతు గుర్తుపడతాయి.

"చావడి చివర ఆ దిష్టిబొమ్మ ఉంది చూశావూ, అదే నయం అన్నయ్యా," అన్నాడు కోర్డ్ మూట కట్టుకుంటూ. "నాలుకన్నా బయటపెడుతుంది."

డీర్క్ ఒప్పుకున్నాడు. ఏమీ లేనిదానికంటే అది మేలనుకున్నాడు. అప్పటినుంచి తన ఈగలకి తనే పాలేరయ్యాడు.

తేనెటీగలు పెంచేవాళ్ళు వాటితో మాట్లాడతారు. తిడతారు, బుజ్జగిస్తారు, వాన వస్తుందా అని అడుగుతారు. డీర్క్ కూడా యుద్ధానికి ముందు వదరుబోతే. ఇప్పుడు ఈగల మీదికి పొగ ఊదే గొట్టం పళ్ళ మధ్య కరిచిపెట్టి పనిచేసేవాడు. ఆగస్టులో హెదర్ పూసే కాలానికి బుట్టలన్నీ బండికెత్తుకుని బీడు మధ్యకి పోయి, వారాల తరబడి గుడిసెలో ఒక్కడే ఉండేవాడు. కనుచూపుమేరా ఊదారంగు. మనిషి అలికిడి ఉండేది కాదు. చుట్టూ లక్షల ప్రాణాలు, ఒక్కదానితోనూ మాట కలపకూడదు. సాయంత్రాలు గుడిసె నుంచి దూరంగా నడిచిపోయి, వాటికి వినపడనంత దూరంలో, చెప్పాల్సిన మాట తనలో తను కట్టుకునేవాడు. అందులో నేలగది సంగతి, లూడర్ తప్పు లేదన్న సంగతి, తల్లి తప్పు లేదన్న సంగతి, అన్నీ ఉండేవి. ఏటా అది కొంచెం పొడవయ్యేది. ఊరికి తిరిగొచ్చాక పైకి ఒక్క మాటా అనేవాడు కాదు.

ఒక్కసారి మాత్రం అడిగాడు. అప్పటికి గేషెకి నడుం వంగిపోయింది. మైనం కరిగించే పనిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఒక్కసారి చెప్పవే."

"ఇన్నేళ్ళూ బాగున్నాయి కదరా. ఇప్పుడు ఎందుకు కదిలించడం?"

"అవునమ్మా. అవి బాగున్నాయి."

ఆమె అతని వంక చూసింది. ఏదో అనబోయింది. మైనం పొంగింది, ఇద్దరూ దాని వైపు తిరిగారు.

తరవాతి ఏప్రిల్లో ఒక ఉదయం ఆమె నిద్రలోనే వెళ్ళిపోయింది. ట్రీనా వచ్చి, ఒళ్ళు కడిగి, అద్దం మీద గుడ్డ కప్పి, ప్రాణం బయటికి పోవడానికి కిటికీ తెరిచిపెట్టింది. హాంబర్గ్‌కి తంతి వెళ్ళింది. కోర్డ్ మర్నాటి రైలుకి గాని రాలేడు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేం డీర్క్? ఈగలకి చెప్పాలి. ఎండెక్కితే బయటికి పోతాయి, ఊళ్ళో ఎవరి నోటో వింటాయి."

"రేపు కోర్డ్ వచ్చి చెప్తాడు. యజమాని వాడు కదా."

"వాడు బుట్ట ముట్టుకుని ఎన్నేళ్ళయింది? అయినా చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళు. ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే." ట్రీనా మేకు మీంచి తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

డీర్క్ ముసుగు లేకుండా దడి దాటాడు. మొదటి బుట్టని తట్టాడు. లోపల రొద ఒక్కసారి లేచి, తగ్గింది.

"ఈగల్లారా," అన్నాడు. గొంతు ఎవరిదో లాగా ఉంది. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈగల్లారా, మన ఇంటి పెద్దమ్మ గేషె పోయింది."

ఇప్పుడు యజమాని పేరు చెప్పాలి. కోర్డ్ అంటే తల్లి మాట నిలబడుతుంది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బీడులో అన్ని ఆగస్టుల పాటు కట్టుకున్న పెద్ద మాట కోసం వెతికాడు. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"నేను డీర్క్‌ని," అన్నాడు. "ఆమె మీకు అబద్ధం చెప్పలేదు. ఆమెకి అలాగే చెప్పారు. మమ్మల్ని వదిలి వెళ్ళకండి."

మమ్మల్ని అని ఎందుకన్నాడో. ఇంట్లో ఇంకెవరున్నారని.

రెండో బుట్ట దగ్గరా అదే చెప్పాడు, మూడోదాని దగ్గరా అదే. చావడి సగం అయ్యేసరికి, చెబుతూ చెబుతూ వంటింటి వైపు తిరిగి చూస్తున్నట్టు తనకే తెలిసింది. కిటికీ తెరిచే ఉంది. తెర ఒకటి గాలికి బయటికీ లోపలికీ ఊగుతోంది. అవతల ఎవరూ లేరు. ఈగలు వింటే చాలనుకున్నాడు ఇన్నాళ్ళూ. వాటితో చెప్పే ఆ గొంతు తల్లిది కావాలనుకున్నాడని, మధ్యలో నిలబడ్డాక ఇప్పుడు అర్థమైంది. కానీ సగంలో ఆపకూడదు. మిగిలిన బుట్టలన్నిటికీ, నాలుక చాచిన ఆ కొయ్యముఖానికీ, ఒకే గొంతుతో చెప్పి ముగించాడు.

ట్రీనా దడి అవతల చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "చెప్పావా?"

"చెప్పాను."

"ఎవరి పేరు చెప్పావు?"

"నాది."

"మంచి పని చేశావు. లోపలికి రా, కాఫీ చల్లారిపోతుంది." అని ఆమె వెళ్ళిపోయింది.

పొద్దు చావడి మీదికి వచ్చింది. బుట్టల నోళ్ళ దగ్గర ఈగలు ఒక్కొక్కటే బయటికి పాకి, రెక్కలు విదిల్చుకుని, అతని భుజాల పక్కనుంచి, అక్కడ ఎవరూ నిలబడి లేనట్టే, పూసిన విల్లో చెట్ల వైపు ఎగిరిపోసాగాయి.